సల్లపెట్టెను నిలబెట్టే తెచ్చాను

ఆ ఫ్రిజ్‌ను పండబెట్టి, అంటే అడ్డంగా పడుకోబెట్టి తీసుకుపొమ్మని నాకు చెప్పినవాళ్లు చాలామంది. అందరూ నాకంటే పెద్దవాళ్లు, నాకంటే పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. వాళ్లలో ఒక్కరు కూడా దాన్ని ఒక్కరోజైనా వెలిగించి చల్లబరిచిన పాపాన పోలేదు. అందుకే నేను వినలేదు. వినకపోవడం వల్ల నా మీదికి ఏమేం వచ్చాయో కూడా ఇక్కడే చెబుతాను. దాచుకోవలసిన పని నాకు లేదు.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత అది రెండో ఎండాకాలం. పెద్దపల్లి దగ్గర ఒక మిషన్ దవాఖానాలో నర్సుగా పనిచేస్తున్నాను. మా అమ్మను అవ్వ అంటాను, నాన్నను బాపు. అవ్వ ఊళ్లో నాట్లు వేసేది, కలుపు తీసేది. బాపు మిషన్ బడిలో గంట కొట్టేవాడు. నన్ను నర్సు చదువుకు పంపినప్పుడు మా వాడలో కొందరు నవ్వారట. చదువు అయిపోయి తెల్లచీర కట్టుకుని వచ్చిన రోజున వాళ్లే తమ పిల్లల్ని తీసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. అది వేరే సంగతి.

మా దవాఖానాకు ఒక మోటారు బండి ఉండేది. యుద్ధంలో వాడి పారేసిన మిలిటరీ బండిని ఎక్కడో కొని, దాన్ని చక్రాల మీద ఇల్లులాగా మార్చారు. లోపల రెండు మడతమంచాలు, మందుల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, వంటకు చిన్న స్టవ్వు, తలుపు పక్కన కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్. దవాఖానాలో డాక్టరుగా ఉన్న తెల్ల దొరసానమ్మ, నేను, డ్రైవరు ముగ్గురం నెలలో పదిహేను రోజులు ఆ బండిలోనే ఊళ్లు తిరిగేవాళ్లం. ఆమె, నేను బండిలో పడుకుంటే డ్రైవరు బయట గోనెపట్టా పరుచుకునేవాడు. ఊరి జనం దాన్ని మోటారు దవాఖాన అనేవారు. ఫ్రిజ్‌కు సల్లపెట్టె అని పేరు పెట్టారు. ఆ పేరే నాకూ అలవాటైంది.

సల్లపెట్టె కింద చిన్న నూనె తొట్టి, దానికి ఒత్తి, పైన పొగ పోయే గొట్టం. ఒత్తి వెలిగిస్తే వెనక గొట్టాల్లో మూసి ఉన్న మందునీళ్లు వేడెక్కి పైకి ఎక్కుతాయి, మళ్లీ దిగుతాయి. అలా ఎక్కుతూ దిగుతూ లోపలి గూటిని చల్లబరుస్తాయి. కరెంటు అక్కర్లేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. "మంట వెడితే మంచైతదా, నర్సమ్మా? మమ్ముల్ని పిచ్చోళ్లను జేస్తున్నవా?" అని ఆడవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. నేను తలుపు తీసి మంచు గిన్నె చూపించి, వేలు పెట్టి చూడమనేదాన్ని.

దాన్ని చూసుకునే పని దొరసానమ్మ మొదట పెద్ద కంపౌండరుకు అప్పజెప్పాలనుకుంది. ఆయన మా దవాఖానాలో ఆమె తర్వాత అంతటివాడు. "పొయ్యి ఊదే పని నాది గాదమ్మా. ఆడోళ్లు ఉన్నరు గదా" అన్నాడు. అలా అది నా చేతికి వచ్చింది. ఆ మాట అన్నందుకు ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

దొరసానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తనకు వచ్చిన తెలుగులో అన్నీ నేర్పింది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. బండి కదిలే ముందు మంట ఆర్పాలి, తొట్టిలో నూనె వంపెయ్యాలి. పెట్టె ఎప్పుడూ నిలబడే ఉండాలి. ఒరిగితే, పడుకుంటే లోపలి మందునీళ్లు పోకూడని గొట్టంలోకి పోతాయి. అలా ఒరిగినప్పుడు దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా నిలబెట్టి, ఆ నీళ్లు తమ చోటికి జారాకే వెలిగించాలి. తొందరపడి వెలిగిస్తే గొట్టం మాడిపోతుంది, ఇక పెట్టె పనికిరాదు. నేల సమంగా ఉండాలి, కొంచెం వాలినా పెట్టె పాడవదు గానీ చల్లబడదు. సమంగా ఉందో లేదో చూడడానికి పెట్టె మీద నిండా నీళ్లు పోసిన గిన్నె పెట్టాలి. మంట నీలంగా ఉండాలి, పచ్చగా ఉంటే మసి పడుతుంది. వెనక గొట్టాలు పట్టుకుని ఎత్తకూడదు.

ఇవన్నీ మొదట్లో నాకు కూడా చాదస్తంలాగే అనిపించాయి. ఒకసారి మంథని దారిలో డ్రైవరు నీడ కోసం బండిని కాలువ గట్టు వాలు మీద ఆపాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాం. మంట వెలుగుతూనే ఉంది కనుక చల్లగానే ఉందనుకుని నేను తలుపు తీసి చూడలేదు. మూడో రోజు తీస్తే లోపల బయటి గాలి ఎంత వేడిగా ఉందో అంతే వేడిగా ఉంది. పాముకాటు మందు సీసాలు ఉడికిపోయాయి. దొరసానమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి గుంటలో పోయించింది. వారం తిరగకుండా ఒక గొర్రెలాయన్ను మంచం మీద మోసుకొచ్చారు. కాలు మోకాలి దాకా నల్లబడింది. మా దగ్గర మందు లేదు. ఆయన సాయంత్రానికి పోయాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నీ దగ్గర సల్లపెట్టె ఉన్నదన్నరు గద బిడ్డా" అంది.

ఆ తర్వాత ఆ పెట్టె విషయంలో నేను ఎవరి మాటా విననిదాన్ని అయ్యాను.

మోటారు బండి నాలుగేళ్లు తిరిగి, ఒకరోజు ఇంజను పగిలి ఆగిపోయింది. దానికి సామాను దొరకదన్నారు. బండి దవాఖానా ఆవరణలోనే నిలబడిపోయింది. అదే ఎండాకాలం దొరసానమ్మ సెలవు మీద తన దేశం వెళ్లింది. వెళ్లే ముందు దవాఖానాను నడిపే మిషన్ కమిటీవాళ్లతో మాట్లాడి, గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో చెన్నూరు వైపు అడవి అంచు ఊళ్లో ఒక చిన్న దవాఖానా పెట్టించింది. సల్లపెట్టె అక్కడికి పోవాలి, దానితో పాటు నేనూ పోవాలి. ఆమె లేనప్పుడు పెత్తనం పెద్ద కంపౌండరుది.

వానలు పడితే గోదావరి దాటడం కష్టం. మా వైపు అప్పటికి రోడ్డు వంతెన లేదు. అందుకని మే నెలలోనే లారీ మాట్లాడారు. వడ్లు మోసే లారీ. ముందు అద్దం మీద కొండగట్టు అంజన్న పటం. ఆవరణలోకి వచ్చిన లారీలో అప్పటికే సగం బస్తాలున్నాయి. నేను బండిలోంచి పెట్టెను దించడానికి రెండు రోజుల ముందే సిద్ధం చేశాను. నూనె వంపేశాను, ఒత్తి తొట్టిని బయటికి లాగి గుడ్డలో చుట్టాను, లోపలి అరలు తీసి విడిగా కట్టాను. తలుపు తెరుచుకోకుండా చుట్టూ నవారు బిగించాను.

పెద్ద కంపౌండరు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, "బస్తాల మీద అడ్డం పండవెట్టుండ్రి. మెత్తగ ఉంటది" అన్నాడు.

"పండవెట్టద్దు సార్. నిలవెట్టాలె" అన్నాను.

"నిలవెడితే దారిల పడతది. గా మాత్రం తెల్వదా?"

"కడితే పడది. పండవెడితే మాత్రం పాడైతది."

లారీ డ్రైవరు నవ్వాడు. "ఏం పాడైతది నర్సమ్మా? ఇనుప పెట్టే గదా. నేను బీరువాలు పండవెట్టి హైదరాబాద్ దాక తోలిన."

"బీరువాల ఏముంటది? చీరెలుంటయి. దీంట్ల మందునీళ్లున్నయి. అవి తప్పుజాగలకు పోతే మల్ల నువ్వొచ్చి తీస్తవా?"

హమాలీలు నలుగురు పెట్టెను పట్టుకుని నా మొహం, కంపౌండరు మొహం మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన కుర్చీలోంచి లేచాడు. "నేను చెప్తున్న. పండవెట్టుండ్రి" అన్నాడు. నేను చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని లారీ ఎక్కాను. బస్తాల మధ్య నిలబడి, "పండవెడితే నా మీద పండవెట్టుండ్రి" అన్నాను. కిందికి దిగలేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. బస్తాల ధూళికి కళ్లు మండాయి. ఆయన కోపంతో లోపలికి వెళ్లిపోయాడు. అంతటితో ఆగి ఉంటే సరే. లోపలి నుంచి ఒక కాగితం రాసి పంపాడు: దారిలో ఏం జరిగినా బాధ్యత నాదేనని నేను సంతకం చెయ్యాలట. చేశాను. సంతకం కింద ఒక వాక్యం నేనే చేర్చాను: "పెట్టెను పండబెట్టమని చెప్పినవారి పేరు కూడా ఇందులో రాయవలెను." ఆ కాగితం మళ్లీ నాకు కనబడలేదు.

డ్రైవరు అప్పటికి మెత్తబడ్డాడు. దిగి వచ్చి, "సరే తల్లీ, ఎట్ల గట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాడు. బస్తాలు రెండు పక్కలకు జరిపించి, నడుమ గోతిలా చేసి, అడుగున ఊక నింపిన గోనెసంచులు పరిపించాను. పెట్టెను ఇంజను వైపు గోడకు ఆనించి నిలబెట్టాం. వెనక గొట్టాలకు ఏదీ తగలకుండా అటూ ఇటూ కర్రలు పెట్టి, నాలుగు మూలలకూ నాలుగు తాళ్లు లాగి కట్టాం. తాళ్లు కట్టడంలో డ్రైవరు గట్టివాడు. ముడి వేసి ప్రతిసారీ పెట్టెను ఊపి చూశాడు. నేను క్యాబిన్‌లో కూర్చోనన్నాను. పెట్టె పక్కనే, బస్తా మీద కూర్చున్నాను, పైన ఒక దుప్పటి కప్పుకుని. మంథని దాటి గోదావరి ఒడ్డు చేరేదాకా నేను చేసింది ఒక్కటే, ఏ తాడు వదులైందో చెయ్యి పెట్టి చూడడం.

నదిలో నీళ్లు తక్కువ. ఒడ్డు నుంచి చాలా దూరం ఇసుకే. ఇసుకలో పుచ్చకాయ, దోస తోటలు వేసుకుని గుడిసెలు కట్టుకున్నవాళ్లు కనిపించారు. నడుమ ఒక పాయ పారుతోంది. లారీ ఇసుకలోకి దిగదు. అవతలి ఊరి నుంచి ఒక ఎడ్లబండి వచ్చి మా కోసం ఎదురు చూస్తోంది. బండాయన తలపాగా చుట్టుకున్న ముసలాయన, ఆదిలాబాద్ మనిషి. మాటల మధ్య మరాఠీ దొర్లేది. నన్ను బాయీ అని పిలిచేవాడు. పెట్టెను చూసి, "గింత ఎత్తుదా? నిలవెట్టే పోవాల్నా?" అని అడిగాడు. అవునన్నాను. ఎందుకని అడగలేదు. ఊళ్లో చాలామంది కంటే ఆయనకు ఆ బుద్ధి ఎక్కువ. "అయితే ఎడ్లను హళూ హళూ తోల్త. ఫికర్ జెయ్యకు బాయీ" అన్నాడు. హళూ అంటే మెల్లగా అని.

ఇసుకలో బండి పాములాగా ప్రాకింది. నేను బండి వెనకే నడిచాను, ఒక చెయ్యి పెట్టె మీద వేసి. పాయ దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తి మీద ఉంది. నీళ్లు మోకాలి లోతు. బండి పాయలో సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ కుడి చక్రం ఒక్కసారిగా గుంటలోకి కుంగింది. పెట్టె నా వైపు ఒరిగింది. రెండు తాళ్లు తెగిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి దూకలేదు. భుజం అడ్డం పెట్టాను. దాని బరువు మెడ మీద పడి, కాళ్లు ఇసుకలోకి దిగిపోయాయి. ముసలాయన ఎడ్లను పట్టుకుని, "వదులు బాయీ! పానం పోతది, వదులు!" అని అరుస్తున్నాడు.

"వదల! మనుషుల్ని పిలువు!" అని నేనూ అరిచాను.

పుచ్చకాయ తోటల్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మగవాళ్లు ముగ్గురు, ఆడవాళ్లు ఇద్దరు. వాళ్లు వచ్చి పట్టుకునేదాకా పెట్టె నా భుజం మీదే ఉంది. నీళ్లలో పడలేదు, పూర్తిగా పడుకోలేదు కూడా. కానీ బాగా ఒరిగింది. ఎంతసేపు ఒరిగి ఉందో నాకు చెప్పడం రాదు. వాళ్లు బండి కర్రలు రెండు ఊడదీసి, పెట్టెకు అటూ ఇటూ తాళ్లతో బిగించి, నిలువుగానే భుజాల మీదికి ఎత్తుకున్నారు. పాయ దాటించారు. అవతలి ఇసుకంతా అలాగే మోశారు. ఒకామె నా భుజం మీద చీర రక్తంతో తడిసింది చూసి, "లోపల బంగారమున్నదా, ఏంది?" అని అడిగింది. మందులు పెట్టే పెట్టె అని చెప్పాను. "పిల్లలకు అమ్మోరు పోయకుండ ఏసే టీకాలా?" అంది. అవునన్నాను. ఆమె తన వైపు కర్రను ఇంకా గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం అయిదింటికి ఊరు చేరాం. దవాఖానా అంటే మట్టిగోడల మీద పెంకుల కప్పు, రెండు గదులు. పెట్టెను మూల గదిలో గోడకు జానెడు దూరంలో నిలబెట్టించాను. మీద నీళ్ల గిన్నె పెట్టాను. నీళ్లు ఒక పక్కకు వచ్చాయి. సన్నటి రాతిపలక ముక్క కాలి కింద దోపితే సమమైంది. ఇక దాన్ని ముట్టకుండా మర్నాడు సాయంత్రం దాకా నిలబడనివ్వాలి. తప్పదు.

కమిటీవాళ్లు ముందే చేసిన ఏర్పాటు మాత్రం వేరు. మర్నాడు పొద్దున పదింటికి దవాఖానా ప్రారంభం. కమిటీ పెద్దాయన వస్తున్నాడు. పెద్ద కంపౌండరు మంచిర్యాల దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి ఆయన జీపులో వస్తున్నాడు. పెద్దాయన తన చేత్తో సల్లపెట్టె వెలిగిస్తాడని ఊరంతా చెప్పించారు.

వాళ్లు వచ్చారు. మామిడాకులు కట్టారు, ప్రార్థన చేశారు, దండలు వేశారు. జనం గదిలో పట్టక కిటికీల దగ్గర నిలబడ్డారు. పెద్దాయన అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. నేను ముందుకు వచ్చి, "ఇయ్యాల వెలిగియ్యద్దు సార్. ఏట్ల ఒరిగింది. పొద్దుమీకిదాక నిలవడాలె" అన్నాను.

ఆయన మంచిగానే అడిగాడు: "ఒక్కసారి వెలిగించి ఆర్పేస్తే ఏమవుతుందమ్మా?"

"లోపలి నీళ్లు ఇంక జాగకు రాలే సార్. మంట తగిల్తే గొట్టం మాడుతది. మల్ల ఎప్పటికీ సల్లవడది."

పెద్ద కంపౌండరు నవ్వి, "ఈమె గంతే సార్, చాదస్తం. మీరు వెలిగియ్యుండ్రి" అని కిందికి వంగి ఒత్తి తొట్టి కోసం చెయ్యి పెట్టాడు. చెయ్యి ఖాళీగా వచ్చింది. తొట్టి అక్కడ లేదు. లారీ ఎక్కించే ముందు గుడ్డలో చుట్టిన దాన్ని నేను మళ్లీ బిగించలేదు, కొంగు కింద చంకలో పెట్టుకుని ఉన్నాను. ఇలా జరుగుతుందని నాకు తెలుసు.

"తొట్టి ఏది?" అన్నాడు.

"నా దగ్గరున్నది."

"ఇయ్యి."

"ఇయ్య."

ఆయన మొహం ఎర్రబడింది. "ఎవలతోని మాట్లాడుతున్నవో తెలుస్తున్నదా నీకు? కూలిదాని బిడ్డవు, రెండక్షరాలు నేర్చినవని గింత పొగరా?" అన్నాడు, అంతమంది ముందర.

"కూలిదాని బిడ్డనే. మా అవ్వ నాటిన నారు ఎవ్వలు పీకమన్నా పీకది. నేను గిది ఇయ్య. పొద్దుమీకినంక రాండ్రి, నేనే వెలిగిస్త" అని చెప్పి, తొట్టిని చంకలో పట్టుకుని ఆ జనం మధ్యనుంచే బయటికి వచ్చాను. ఊరి బావి గట్టు మీద కూర్చున్నాను. లాక్కుంటారేమో అనుకున్నాను. ఎవరూ రాలేదు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి గుసగుసలాడారు. ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. పెద్దాయన జీపు దుమ్ము లేపుకుంటూ పోయేదాకా నేను అక్కడే ఉన్నాను.

సాయంత్రం అయిదు దాటాక తొట్టిలో కిరసనాయిలు వడగట్టి పోసి, ఒత్తి సమంగా కత్తిరించి వెలిగించాను. పొద్దున గోల చూసిన ఊరివాళ్లు పది మంది దాకా మళ్లీ వచ్చారు. దీపం పచ్చగా లేచింది. తగ్గించాను. నీలమైంది. అందరూ పెట్టె వంకే చూస్తున్నారు. "అయిపాయెనా? సల్లవడ్డదా?" అని ఒకాయన అడిగాడు. తెల్లారిదాకా పడుతుందంటే నిరాశగా వెళ్లిపోయారు.

తెల్లారి తలుపు తీశాను. చెయ్యి లోపల పెట్టాను. చల్లగా ఉంది. పై గూట్లో గిన్నె మీద సన్నటి మంచు పొర పేరుకుంది, వేలితో తడితే చిట్లింది. దవాఖానాలో ఆయాగా పెట్టుకున్న ఒకామె, భర్త పోయిన మనిషి, ఆ పొర ముక్కను అరచేతిలో పెట్టుకుని, అది కరిగిపోయేదాకా చూస్తూ, "గిదా? గిదేనా?" అని అడుగుతూనే ఉంది. నేను ఏడ్చాను. ఆ మూడు రోజుల్లో ఏడవడం అదొక్కసారే.

పదిహేను రోజులకు మెమో వచ్చింది. పెద్దలను జనం ముందు అవమానించినందుకు, దవాఖానా వస్తువును దాచినందుకు క్షమాపణ పత్రం రాసి పంపాలి. నేను పత్రం రాశాను. అందులో లారీ దగ్గరి నుంచి బావి గట్టు దాకా జరిగిందంతా రాసి, చివర్న, పెట్టె ఇప్పుడు చల్లగా ఉందనీ, దానిలో టీకా మందు ఉందనీ, ఎనభైకి పైగా పిల్లలకు వేశాననీ రాశాను. క్షమాపణ అనే మాట ఎక్కడా రాయలేదు. బాపుకు ఈ సంగతి తెలిసి, బడి పంతులుతో ఉత్తరం రాయించాడు. "బిడ్డా, ఒక్క మాట రాస్తే పోయేదేముంది" అన్నాడు. ఆయన భయం ఆయనది. ఆయన గంట కొట్టే బడి కూడా ఆ కమిటీదే. ఆ ఉత్తరానికి జవాబు రాయలేక చాలా రోజులు దాన్ని దిండు కింద పెట్టుకున్నాను. అవ్వ మాత్రం ఊరి మనిషితో కబురు పంపింది: "తప్పు జెయ్యకుంటే రాయకు."

నేను రాయలేదు. నన్ను వెనక్కి, పెద్దపల్లి దవాఖానాకు మార్చారు. నా చోటికి ఒక కొత్త కంపౌండరు వచ్చాడు. అప్పజెప్పేటప్పుడు నోటుబుక్కులో ఉన్నవన్నీ చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు, రాసుకోలేదు. పెద్దపల్లిలో నాకు గాయాలకు కట్లు కట్టే గది ఇచ్చారు. పెద్ద కంపౌండరు నన్ను దాటిపోయేటప్పుడు చూడనట్టు పోయేవాడు. నేను కూడా పలకరించలేదు.

మూడు నెలలు గడిచాయి. వానలు పడ్డాయి. అవతలి దవాఖానా నుంచి కబురు వచ్చింది: సల్లపెట్టె చల్లబడడం లేదు, గది నిండా పొగ, టీకా మందు పారబోశారు. పెద్ద కంపౌండరు తానే వెళ్లి చూసి వచ్చాడు. పెట్టె చచ్చిపోయింది, నర్సు నదిలో పడేసినప్పుడే చెడింది అని రిపోర్టు రాశాడు. అది నాకు చూపించింది ఎవరో కాదు, సెలవు అయిపోయి అప్పుడే తిరిగి వచ్చిన దొరసానమ్మ. "ఏమంటావు?" అని అడిగింది.

"నన్ను పంపుండ్రి. నేను చూస్త" అన్నాను.

ఆమె నాతో పాటే వచ్చింది. ఈసారి మంచిర్యాల దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, బురదలో నడక. గదిలోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయింది. వానలకు మట్టినేల ఒక పక్క దిగిపోయింది. పెట్టె గోడ వైపు వాలి నిలబడి ఉంది. నీళ్ల గిన్నె పెడితే నీళ్లు అంచు దాటి కారాయి. ఒత్తి వంకరగా కాలింది. గొట్టం నిండా మసి. వంటకు వాడే పొడుగు పుల్లకు గుడ్డ కట్టి మసి దులిపాను. ఆయా నాతో పాటు నేల తవ్వి, రాళ్లు పరిచి, దిమ్మిసతో కొట్టింది. పెట్టెను నిలబెట్టి సమం చేశాం. ఒక పగలూ ఒక రాత్రీ ఎవరినీ ముట్టనివ్వలేదు, దొరసానమ్మను కూడా. ఆమె నవ్వి చేతులు వెనక్కి కట్టుకుంది. తర్వాత వెలిగించాం. చల్లబడింది.

దొరసానమ్మ కొత్త కంపౌండరు చోట నన్ను అక్కడే ఉండమంది. నేను ఉంటాను గానీ ఒక షరతు ఉందన్నాను. పెట్టె మీద నా మాటే చెల్లుతుందని, నేను లేనప్పుడు ఆయా మాటే చెల్లుతుందని, ఇద్దరిలో ఎవరూ లేకుండా దాన్ని ఎవరూ కదిలించకూడదని కాగితం మీద రాసి ఇవ్వాలి. "ఆయాకు చదువు రాదు కదా" అంది ఆమె. మంట రంగు గుర్తుపట్టడానికి, గిన్నెలో నీళ్లు చూడడానికి చదువెందుకన్నాను. ఆమె రాసి ఇచ్చింది. నేను అడిగితే ఆయా పేరు ముందు, నా పేరు తర్వాత రాసింది. కమిటీవాళ్లు ఆ కాగితం చూసి ఏమన్నారో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఆ ఊళ్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. నా మెమో ఫైలులోనే ఉండిపోయింది, దాని వల్ల పై ఉద్యోగం నాకు ఎప్పుడూ రాలేదు. మా బాపు బడి పని మాత్రం పోలేదు. ఆయాకు నేను అన్నీ నేర్పాను. ఆమె వాటికి తన పద్ధతులు కూడా చేర్చుకునేది: ఒత్తి కత్తిరించే ముందు చేతులు బూడిదతో తోముకునేది, దానివల్ల ఏమవుతుందో నాకు తెలియదు, వద్దని నేను చెప్పలేదు. రెండో ఏడు పెద్ద కంపౌండరు తనిఖీకి వచ్చాడు. ఎండలో వచ్చాడు కనుక చల్లటి నీళ్లు అడిగాడు. పెట్టె తలుపు తీయబోతే ఆయా అడ్డం నిలబడి, "గిది మందులకు సార్, తాగే నీళ్లకు గాదు. కుండ గక్కడున్నది" అంది. నేను పక్క గదిలో బాలింతను చూస్తున్నాను. బయటికి రాలేదు.